పుర్రచేతి సకినం

మా వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఊపిరి బిగబట్టుకోవాలి. కొత్తవాడలో ఇంతకంటే పెద్ద వంటిల్లు ఎవరికుందని మా ఆయన అంటాడు గానీ, ఒక్కపూట అందులో నిలబడి పూరీలు వత్తితే తెలిసేది. సకినాలు చేసే రోజయితే పొయ్యి దగ్గర ఒక్కరికే చోటు. మిగతావాళ్లు గడప అవతల హాల్లో బట్ట పరుచుకుని వరుసగా కూర్చుని చుడతారు. పొయ్యి దగ్గరి ఆ ఒక్కరూ పన్నెండేళ్లుగా నేనే.

కారణం నా ఎడమచెయ్యి. మావైపు దాన్ని పుర్రచెయ్యి అంటారు. రాయడం, కూరగాయలు కోయడం, మా ఆయన మీదికి చెంచా విసరడం, అన్నీ నాకు దానితోనే. తినడం మాత్రం కుడిచేత్తో. మా అమ్మ నానా తిట్లు తిట్టి అంతవరకు సాధించింది. పెళ్లయిన ఏడాది చిన్న ఆడబిడ్డ పెళ్లికి సకినాలు చుడుతుంటే, నేనూ కొంగు దోపి వరుస మధ్యలో కూర్చున్నాను. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండి ఎడమచేత్తో తీసుకున్నానో లేదో, అత్తమ్మ చూసింది.

"నువ్వు పొయ్యికాడికి పో పిల్లా. నూనె కాగుతాంది," అన్నది.

తిట్టలేదు, మొహం చిట్లించలేదు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే పిండిలో పుర్రచెయ్యి ఏమిటని ఆమె బాధ కాబోలు అనుకున్నాను. ఇంతింత నోరున్న నేను ఆ రోజు కిక్కురుమనకుండా లేచి వెళ్లాను. కొత్త కోడలిని కదా. ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లయినా, ఎన్ని పండుగలొచ్చినా జారా, అదే చిల్లుల గరిటె, నా చేతికే వచ్చింది. ఆరిన సకినాన్ని విరగకుండా నూనెలోకి జార్చడంలో, ఎర్రబడకముందే తీయడంలో మా వీధిలో నా తర్వాతే ఎవరైనా. చుట్టడం మాత్రం నేర్చుకోలేదు. ఎవరైనా అడిగితే, ముగ్గు పెట్టినట్టు గుండ్రాలు తిప్పుతూ కూర్చునే ఓపిక నాకెక్కడిది అనేదాన్ని. అబద్ధం. చుట్టాలని నాకు చచ్చేంత కోరిక.

మొన్న పెద్ద ఆడబిడ్డ కూతురి పెళ్లి కుదిరింది. మేనమామ ఇల్లు కాబట్టి సకినాలు మా ఇంటి నుంచే పోవాలి. అత్తమ్మ, తోడికోడలు బట్ట ముందు కూర్చున్నారు. నేను మామూలుగా పొయ్యి ముందు. ఇంతలో ఆరేళ్ల నా కూతురు వచ్చి వాళ్లిద్దరి మధ్య దూరి పిండిముద్ద అందుకుంది. ఎడమచేత్తో. దానికీ నా వాటమే వచ్చింది మరి.

నన్నంటే పోనీలే అని ఊరుకున్నాను. నా బిడ్డను గనక లేచి పొమ్మంటే ఈ రోజు సకినాలు కావు, పంచాయితీ అవుతుంది అనుకున్నాను. జారా పట్టుకునే గడపలోకి వచ్చాను. ఏమనాలో మాటలు కూడా వరుసగా పేర్చుకున్నాను.

పిల్ల మోచెయ్యి అత్తమ్మ చేతికి తగిలింది. ఆమె చుడుతున్న సకినం తెగింది. అత్తమ్మ తలెత్తింది.

"దాన్ని నడుమ కూసోబెడితే ఎట్లనే. పుర్రచెయ్యి గద, మోచేతులు తాకుతయి," అన్నది తోడికోడలితో. తర్వాత పిల్లను దగ్గరికి లాగి, "ఇటు నా ఎడమపక్కకు రా నా తల్లి, ఈ చివరకు. ఇక్కడైతే నీ చేతికి ఎవ్వలు అడ్డం రారు," అన్నది.

పిల్ల జరిగి కూర్చుంది. బడిలో రంగుల పిండితో బొమ్మలు చేసి ఆడిన చెయ్యి. వంకరగానైనా, తెగకుండా మూడు చుట్లు తిప్పింది. చుట్లు మాత్రం అందరివాటికీ ఎదురు దిక్కుకు తిరిగాయి.

"జర సన్నగ రావాలె," అన్నది అత్తమ్మ. ఎదురు దిక్కును పట్టించుకోనే లేదు.

పేర్చుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి.

"మరి నన్నెందుకు లేపినవ్ అత్తమ్మా? నాది గూడ పుర్రచెయ్యే గద," అన్నాను.

ఆమె పిండిలోంచి చెయ్యి తీయకుండానే నావైపు చూసింది. "ఆనాడు పొయ్యికాడ ఎవ్వలు లేరు, పొమ్మన్న. పోయినవ్. మల్ల ఒక్కనాడన్న నేను గూడ చుడుతనని అడిగినవా? అడగంది అమ్మే పెట్టదంటరు. అత్త పెడతదా?"

తోడికోడలు పక్కున నవ్వింది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీదనా, నా మీదనా అంటే చెప్పలేను. పన్నెండేళ్లు నేను అలిగి ఉన్న సంగతి, ఎవరి మీద అలిగానో ఆ మనిషికే తెలియదు.

"నూనె పొగొస్తాంది. ఆ జారా ఇటియ్యి," అంటూ అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

నేను కూతురి పక్కన కూర్చున్నాను. ఎడమచేత్తో ముద్ద తీసుకున్నాను. పిండి సాగినట్టే సాగి మొదటి చుట్టులోనే తెగింది. అతికించాను. మళ్లీ తెగింది.

పిల్ల నా చేతివైపు చూసింది, తర్వాత నా ముఖంవైపు.

"అమ్మా, నీకు రాదా?"

"రాదు బిడ్డా," అన్నాను. "జర నేర్పియ్యి."