మెలిస్సాకు కప్పించిన శాలువా

తన గొయ్యి తానే తవ్వుకునేవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను నా గోతికి జరీ శాలువా కూడా కొనుక్కెళ్ళాను. మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

అప్పట్లో నా ప్రాణాలు రెండు: మెలిస్సా, గ్రేస్. మెలిస్సా బెంగళూరు జాజ్ గాయని. మల్కాపురం నుంచి మద్దిలపాలెం ఆఫీసు దాకా బస్సులో ఆవిడ పాటలే నా ఊపిరి. గ్రేస్ మా చర్చిలో క్వయర్, అంటే పాటల బృందం, నడిపే దేవదానం మాస్టారి కూతురు. ఆ పిల్లకు నేనంటే ఇష్టమే, ఒప్పుకోవలసింది మాస్టారు.

"జాజ్ అంటే తాగుబోతుల పాట కాదేటి?" అన్నారు, సంబంధం మాట ఎత్తగానే.

"కాదు మాస్టారూ. ఒకే పాటని రెండుసార్లు ఒకేలాగ పాడరు. అప్పటికప్పుడు గుండెలోంచి పుట్టాల. మెలిస్సా మన ఊరు వత్తంది, మీరే ఇందురుగాని."

"సరే, ఇంటాను. నీ సెవి తెలిస్తే నీ మనసూ తెలుస్తాది."

అలా నా పెళ్ళిచూపులు బీచ్ రోడ్డు పక్క మైదానంలో, మెలిస్సా కచేరీలో కుదిరాయి.

మొదటి పాటకే నాకు కన్నీళ్ళాగలేదు. "సూసారా మాస్టారూ, అచ్చం రికార్డే. ఊపిరి పీల్సిన సోటు కూడా అదే."

ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. "ఒకేలాగ పాడరన్నావు కదేటి?"

"గొప్పోళ్ళకి మినహాయింపు ఉంటాది మాస్టారూ."

తర్వాతి పాటలూ అంతే. ఆవిడ జనంతో ఒక్క మాట మాట్లాడదు, చూపు ఎటో ఉంటుంది. మాస్టారు ఆవలించారు. వినాశకాలే విపరీతబుద్ధి అంటారు. నా విపరీతబుద్ధి సంచిలో మడతపెట్టి ఉంది. మా పేట ఆర్కెస్ట్రాలలో పాట నచ్చితే, పాట మధ్యలోనే స్టేజీ ఎక్కి శాలువా కప్పేస్తారు. పాడేవాళ్ళు తల వంచి కప్పించుకుని, పాడుతూనే ఉంటారు. బెంగళూరు మర్యాదలు వేరని నాకెవరు చెప్పారు?

"మాస్టారూ, మీ సేతుల మీదుగా కప్పండి."

"నానెందుకు బాబూ?"

"సంగీతం తెలిసిన పెద్దోరు మీరు. రండి."

పాట పై స్థాయిలో ఉండగా ఆయన్ని స్టేజీ ఎక్కించాను. శాలువా పడగానే మెలిస్సా ఉలిక్కిపడి, అలవాటుకొద్దీ మైకును రెండు అరచేతుల మధ్య ఇరికించి నమస్కారం పెట్టింది. నోరు మూసుకుని చక్కగా నవ్వింది.

పాట మాత్రం ఆగలేదు.

శాలువా కప్పాక రెండు మాటలు మాట్లాడటం కూడా మా మర్యాదే. మాస్టారు ఆ మైకు అందుకుని "అందరికీ వందనాలు" అన్నట్టు పెదవులు కదిపారు. సౌండు బాక్సుల్లోంచి మెలిస్సా గొంతు వచ్చింది.

"పెద్దాయన బాగా పాడతన్నాడు బావా" అన్నారు వెనకనుంచి ఎవరో. మైదానమంతా నవ్వింది.

ఇన్నేళ్ళు ప్రాణంగా చూసుకున్న గాయని, నా కళ్ళముందే దిష్టిబొమ్మైపోయింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను, అదీ చీలలేదు.

మల్కాపురంలో బస్సు దిగాక మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. తిట్టినా బాగుండేది.

"నువ్వు మంచోడివే బాబూ. కానీ పాట నోట్లోంచి వత్తందో బాక్సులోంచి వత్తందో తెలీకుండా ఏడిసేసినావు. రేపు మా పిల్ల నవ్వుతా 'బాగానే ఉన్నాను' అంటే, లోపల ఏటుందో నీకెలా తెలుస్తాది?"

గ్రేస్‌ను చర్చిలో డ్రమ్స్ వాయించే అబ్బాయికిచ్చి చేశారు. ఆ పెళ్ళిలో క్వయర్‌తో నన్నూ నిలబెట్టారు. పాడకుండా పెదవులు కదిపి ఊరుకున్నాను. మెలిస్సాను ఆ రోజే క్షమించాను.

అందుచేత, సముద్రం సాక్షిగా ఒట్టు పెట్టుకుంటున్నాను: కాబోయే మామగారిని ఈ జన్మలో ఏ కచేరీకీ తీసుకెళ్ళను. పిల్లనిచ్చేశాక అయితే, ఆలోచిస్తాను.