పెద్దింటాయన మొగం

ఆ రోజుల్లో ఆడపిల్ల బొమ్మలేస్తాదంటే ముగ్గులు బాగా పెడ్తాదేమో అనుకుంటాండ్రి. ఇప్పుడు మీరు పూనాలో కూర్చొని ఫోన్లో నన్ను మీ స్నేహితులకు చూపించి "మా అవ్వ ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్" అంటాంటే నాకు నవ్వొస్తాది బిడ్డలారా. ఒకరి కింద పని చెయ్యకుండా, అడిగినోళ్లకు అడిగిన బొమ్మ గీసిచ్చేవాళ్లను అట్లంటారంట. అట్లయితే నేను పదిహేడేండ్లకే ఆ పేరు సంపాదించుకునింటి, పత్తికొండలో మా నాయన చిల్లరంగడి ఎనకాల, చక్కెర మూటల మధ్యన. పొట్లాలు కట్టే కాగితాల మీద గీస్తాంటి. (నేను గీసిన వినాయకునిలో మా నాయన ధనియాలు కట్టిస్తాండె. కండ్లకద్దుకోని మరీ కడ్తాండె, అంతమటుకు భక్తి ఉండె.)

నా బొమ్మలంటే ఆయనకు కోపమేం లేదు. "గీసి ఏం చేస్తావు మే, కుట్టుమిషన్ నేర్చుకో" అంటాండె, అంతే. అట్లుండగా పక్కపల్లెలో పెద్దింటాయన పోయి ఏడాది కావస్తాండె. శానా భూములుండే ఇల్లు. దివసం నాటికి గోడకు పటం పెట్టవల్ల, పెడదామంటే ఆయనది ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతాదని ఆయన నమ్మకం. (దిగకపోయినా తగ్గె, అది వేరే సంగతి.) పెద్దకొడుకు అంగడికొచ్చి, "ఏమప్పా, నీ కూతురు బొమ్మలేస్తాదంట కదా, మా నాయన్ను గీసిమ్మను" అనె. ఆయన అంగడి దిగి పోయినంక మా నాయన మెల్లగా నాతో, "వాళ్లు ఆ పటం గోడకు తగిలిస్తే నువ్వు గీసుకుంటా ఉండు. ఎనక్కి పంపిస్తే మాత్రం రంగులు మూటగట్టి ఆదోనిలో మీ అత్త దగ్గర కుట్టుపనికి పోవల్ల" అనె.

నేను పెద్దింటాయన్ను చూసిందే లేదు. అడిగి గీద్దామని ఆ ఇంటికి పోతి. మీసాలు ఎట్లుండె అంటే పెద్దకొడుకు "పైకి" అనె, చిన్నకొడుకు "కిందికి కదన్నా" అనె. మాట్లాడంగా మాట్లాడంగా అసలు సంగతి బయటపడె. ఆయన ముందర కొడుకులిద్దరూ యానాడూ తలెత్తి నిలబడిందే లేదు. "చెప్పులైతే చెప్తా పాపా, యాడ అరిగిండేదీ తెలుసు" అనె చిన్నకొడుకు. కోడళ్లు తలుపుచాటు నుంచి ఆయన ఎట్ల దగ్గుతాండెనో దగ్గి చూపించిరి. కడాకు ఆయన భార్యను, ఆ ఇంటి పెద్దవ్వను అడిగితి. "నలభై ఏండ్లు అన్నం పెడితి తల్లీ. విస్తరి చూస్తాంటి, మొగం యాడ చూస్తి" అనె.

ఇంటికొచ్చి ఎంత గీసినా మొగం రాదే. ఎదురుగా కదలకుండా కూర్చునే మొగమనిషి ఒక్కడే, తక్కెడ పట్టుకోని మా నాయన. ఆయన్నే గీస్తి. తలకు రుమాలు చుట్టి, మీసాలు పైకీ కాక కిందికీ కాక పక్కకు లాగి, కండ్లల్లో రవ్వంత ఎరుపు పెడితి. మీసం పెడితే మనిషి మారిపోతాడనుకునే వయసది. ఆరినంక గుడ్డలో చుట్టి పంపిస్తి, మా నాయనకు చూపించకుండా.

దివసం నాడు మమ్మల్నీ పిలిచిరి. పోయేటప్పటికే పటానికి దండేసి, ఊదికడ్డీలు పెట్టి, ఆ ఇంటోళ్లంతా సాగిలపడి మొక్కుతాండ్రి. మా నాయన ఆ పటం చూసి మెల్లగా తన గడ్డం తడుముకొనె. నా పక్క చూడల్యా. ఆదోని బస్సు ఎన్నిగంటలకో లెక్కేసుకుంటాంటి నేను. అప్పుడు పెద్దవ్వ వచ్చి పటం ముందర నిలబడె. అందరూ ఆమె ఏమంటాదో అని చూస్తాండ్రి. శానాసేపు చూసి, "ఈయనే" అనె. మళ్లా మెల్లగా, "బతికుండంగా ఇట్ల మెత్తగా చూసింటే బాగుండు" అని, చాప తెప్పించుకోని ఆడనే కూర్చొనె. పొద్దు వాలేదాకా అట్లనే చూస్తాండె, తలెత్తి.

ఇంటికి రాంగానే మా అమ్మ, "బతికుండే మనిషికి దండేపిస్తివి కదే" అని ఏడ్సి, మా నాయనకు తలకు పోసి దిష్టి తీసె. ఆయన తల తుడుచుకుంటా, "ఉండనీలే. ఆ ఇంట్లో నన్ను కూర్చోమన్నోళ్లు లేరు, ఈరోజు అందరూ కాళ్లకు మొక్కిరి" అనె. కాసేపయినంక నాతో, "గీసుకో మే. ఈసారి మాత్రం మీ మామ మొగం పెట్టు" అనె.

అప్పటినుంచి గీస్తానే ఉండా. మొన్ననే పిల్లల పుస్తకాలు రెండు అయిపోయె, టమోటా పెట్టెలకు అంటించే బొమ్మ ఒకటి, మంత్రాలయంలో ఒక సత్రం గోడకు తుంగభద్ర. ఇంక ముందు ఏం గీయాలనుండాదంటే, నన్నే. ఎవరూ అడగని బొమ్మ కదా. మొదటిది నిన్ననే అద్దం ముందర పెట్టుకోని పూర్తి చేస్తి. నా కూతురు, మీ అత్త వచ్చి చూసి, "ఎవరమ్మా ఈమె, బాగుండాదే" అనె. నేనే అనకుండా "తెలిసినామె" అంటి. చెంపల మీద ముడతల గీతలు కొన్ని మర్చిపోయినట్లుండా, ఇంకో కాగితం తీస్తాండా.