హీరో ముఖం ఖాళీగా ఉంచాలి

సినిమాలకు బొమ్మలు వేస్తానని చెబితే అందరూ పోస్టర్లనుకుంటారు. పోస్టర్లు కావు. షూటింగు మొదలు కాకముందే, కథ ఇంకా కాగితం మీద ఉండగానే, కెమెరా ఎక్కడ పెట్టాలి, కారు ఎటు నుంచి వచ్చి ఎవరిని గుద్దాలి, హీరో ఏ మేడ మీంచి దూకాలి, అన్నీ గళ్ళు గీసి షాటు షాటుకూ ఒక బొమ్మ వేసిస్తాను. దాన్ని స్టోరీబోర్డ్ అంటారు. షూటింగు అయిపోయాక ఆ కాగితాలు ఎవరికీ అక్కర్లేదు. ఫిల్మ్ నగర్‌లో ఒక ఆఫీసులో నేను నెలన్నర వేసిన యుద్ధం సీను టీ గ్లాసుల కింద పరిచి ఉండగా చూశాను. మంచి మందపాటి కాగితం, తడి బాగా పీలుస్తోంది. నాకేమీ అనిపించలేదు, నేనూ నా గ్లాసు దాని మీదే పెట్టాను.

ఈ పనికి ఒక నియమం ఉంది. హీరో ముఖం వేయకూడదు. బొమ్మలు వేసేనాటికి హీరో ఎవరో ఖరారై ఉండదు. ఆ బొమ్మలున్న ఫోల్డరే చంకన పెట్టుకుని డైరెక్టరు జూబ్లీ హిల్స్‌లో నాలుగు గడపలు తిరుగుతాడు. అందుకని ముఖం ఉండాల్సిన చోట కోడిగుడ్డు ఆకారం గీసి, అందులో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత పెడతాం. మనిషి ఎటు చూస్తున్నాడో తెలిస్తే చాలు. చూసే హీరో ఆ గుడ్డులో తన ముఖం తానే పెట్టుకుంటాడు.

మొదట్లో ఇది నాకెవరూ చెప్పలేదు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి కొత్తగా వచ్చాను, బొమ్మల నవలలు వేసి పేరు తెచ్చుకోవాలని పిచ్చి. నా మొదటి సినిమాకు ఎనభై పేజీలు వేసి, ప్రతి గడిలోనూ హీరోకి కళ్ళు, ముక్కు, మీసం, గడ్డం మీద చిన్న గాటుతో సహా పెట్టాను. నాకు తెలియకుండానే ఆ ముఖం అప్పుడు సినిమాలు బాగా ఆడుతున్న ఒక పెద్ద హీరోది అయిపోయింది. డైరెక్టరు చూసుకోలేదు. ఇద్దరం కలిసి ఫోల్డరు తీసుకుని వెళ్ళింది మాత్రం ఇంకో హీరో ఇంటికి. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమంటే అదే. ఆ హీరో మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించాడు, పది పేజీలు ఓపిగ్గా తిప్పాడు, ఫోల్డరు మూసి, "బాగుందండీ. ఆయనకైతే సరిగ్గా సరిపోతుంది," అన్నాడు. ఆ సినిమా తర్వాత ఎవరితోనూ మొదలు కాలేదు. డైరెక్టరు నన్ను తిట్టలేదు. కారెక్కాక, "ఇకమీదట ముఖం జోలికి పోకమ్మా," అన్నాడంతే. పోలేదు. పందొమ్మిదేళ్ళు గుడ్లే వేశాను.

మా ఇల్లు మధురానగర్‌లో. కింది వాటాలో అక్క, బావ, వాళ్ళ పాప. పై గదిలో నేను. అక్క ముందు గదిలోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కుట్టు మంచిదని పేరు రావడంతో జూబ్లీ హిల్స్ ఇళ్ళ నుంచి డ్రైవర్లు సంచులు పట్టుకుని వచ్చేవాళ్ళు. మా సందులో ఆ కార్లు తిరగవు, చివర ఆపి నడిచి రావాలి, అప్పటికే వాళ్ళ ముఖాలు మాడిపోయి ఉండేవి. అక్క అంతకన్నా ఎక్కువ. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునే తిట్టేది. ఒకసారి జాకెట్టు బిగుతైందని తిరిగొచ్చిన డ్రైవరుతో, "మీ మేడంకు చెప్పు. పాత జాకెట్ కొలతకు పంపితే గిట్లనే అయితది. లావైంది ఆమె, జాకెట్ కాదు," అంది. అతను ఆ మాట చెప్పాడో లేదో గానీ మర్నాడు ఆ మేడం తనే వచ్చి కొలతలిచ్చింది.

తొమ్మిదేళ్ళ కిందట వానాకాలంలో అక్కకు డెంగీ వచ్చింది. ఐదు రోజులు. ఐదో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి వాళ్ళు బావను లోపలికి పిలిచారు, నేను బయట పాపకు బిస్కెట్ తినిపిస్తున్నాను. పాపకు అప్పుడు ఆరేళ్ళు. అందరూ ఏడ్చారు, నేను ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందిలే అనుకున్నాను. మూడో రోజు చేయాల్సినవి అయ్యాక నాలుగో రోజు ఆఫీసుకు పోయి ఒక ఛేజింగు పూర్తి చేశాను. డైరెక్టరు జాలిపడి ఇంకో వారం ఆగమన్నాడు, ఎందుకండీ అన్నాను. ఆ రోజు వేసిన బొమ్మలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత కూడా అన్నీ బాగానే సాగాయి. అన్నం తిన్నాను, నిద్రపోయాను, పండక్కి బట్టలు కొనుక్కున్నాను. నన్ను చూసి చుట్టాలు గుండె గట్టిదన్నారు. గట్టిదో, అసలు లేనే లేదో వాళ్ళకేం తెలుసు, నాకే తెలియదు.

పాపకు పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం పై గదికి వచ్చి నా బల్ల పక్కన కూచుంది. చాలాసేపు నేను గీస్తుంటే చూసింది. ఫోటోలల్లో అమ్మది ఎప్పుడూ ఒకటే నవ్వని చెప్పింది. నిజమే. అక్కకు పై పన్ను ఒకటి విరిగి ఉండేది. కెమెరా కనబడగానే పెదాలు బిగించి ఒక నవ్వు తగిలించుకునేది. పెళ్ళి ఫోటోలోనూ అదే, పాప పుట్టినరోజు ఫోటోలోనూ అదే, ఆధార్ కార్డులో కూడా దాదాపు అదే.

"చిన్నమ్మా, అమ్మకు కోపమొస్తే ఎట్లుండేది? ఒక్క బొమ్మ ఏసి చూపెట్టవా?" అని అడిగింది.

ఒక్క బొమ్మ అడిగింది. నేను పుస్తకమే వేస్తానన్నాను. ఈ గొప్పలు నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి బొమ్మల నవల ఒకటి వేయాలని ఉండనే ఉంది, ఇదిగో కథ దొరికింది. మా చిన్నతనం, అక్క మిషను, డ్రైవర్లు, తిట్లు, అన్నీ వేస్తాను, అమ్మ ఎట్లా ఉండేదో నీకు మొత్తం తెలుస్తుంది, కానీ పూర్తయ్యేదాకా ఒక్క పేజీ కూడా చూడొద్దు అని షరతు పెట్టాను. సరేనంది. మూడేళ్ళు మాట మీద నిలబడింది. నేను బల్ల దగ్గర ఉంటే గుమ్మం దగ్గరే నిలబడి, అయిందా అని అడిగి కిందికి పోయేది.

చేయి బాగా నడిచింది. మిషను తొక్కుతున్న పాదాలు, మెడలో టేపు, నడుముకు దోపిన చీర కుచ్చిళ్ళు, దారం కొరకడానికి వంగిన తల, అవన్నీ వచ్చాయి. వీపు చూస్తే అక్కే. ముఖం దగ్గరకు వచ్చేసరికి గుడ్డు గీసి, రెండు గీతలు పెట్టి, తర్వాత వేద్దామని పక్క గడికి పోయేదాన్ని. రెండు వందల పేజీలు అలాగే అయిపోయాయి. అప్పుడు ముఖాలు వేద్దామని కూచున్నాను. అక్క ముక్కు కొంచెం కుడికి వంగి ఉండేదని తెలుసు. వంకర పెట్టాను. వంకర ముక్కున్న ఎవరో ఆడమనిషి వచ్చింది. ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్న మచ్చ ఉండేది. మచ్చ పెట్టాను. మచ్చ ఉన్న ఇంకో ఆడమనిషి వచ్చింది. కోపం వేస్తే విలన్ భార్యలా వచ్చింది. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుందామని చూశాను. మెడ దాకా వచ్చి ఆగిపోయింది. పైన ఆ ఫోటోలోని బిగింపు నవ్వే కనబడింది. నాకు భయం వేయాలి. వేయలేదు. రబ్బరు పెట్టి తుడిచి టీ పెట్టుకున్నాను.

పుస్తకం వేస్తానన్న ప్రచురణకర్త విజయవాడ ఆయన. పేజీలు పంపమని మూడుసార్లు అడిగాడు. ఇంక తప్పించుకోలేక ఉన్నవి ఉన్నట్టు పంపాను, ముఖాలకు ఇంకో మూణ్ణెల్లు గడువు అడగాలనుకున్నాను. నేను అడిగేలోపే ఫోన్ చేశాడు.

"ఎంత గొప్ప ఆలోచనండీ, ముఖం వేయకుండా వదిలేయడం. చదివేవాళ్ళు ఎవరి అక్కను వాళ్ళు అందులో పెట్టుకుంటారు," అన్నాడు.

అవునండీ అన్నాను. అందుకే వదిలానండీ అని కూడా అన్నాను. ఆ రెండు మాటలూ నోట్లోంచి ఎంత సులువుగా వచ్చాయంటే, ఫోన్ పెట్టాక కూడా అబద్ధమాడానన్న సంగతి వెంటనే తట్టలేదు. తట్టినప్పుడు పాప గుర్తొచ్చింది. ముఖం కోసమే కదా అది మూడేళ్ళుగా గుమ్మం దగ్గర నిలబడుతోంది అనుకున్నాను. తిరిగి ఫోన్ చేయొచ్చు. చేయలేదు. పుస్తకం అచ్చుకు పోయింది.

ఆవిష్కరణ ఒక ఆదివారం ఉదయం, జూబ్లీ హిల్స్‌లో ఒక రెస్టారెంటు పై అంతస్తులో పెట్టారు. యాభై మంది దాకా వచ్చారు. ఆ మొదటి సినిమా డైరెక్టరు కూడా వచ్చి, ఇప్పటికైనా మా మాట విన్నావని నవ్వాడు. ముఖం ఎందుకు వేయలేదని ఒకాయన లేచి అడిగాడు. నేను ఐదు నిమిషాలు మాట్లాడాను. జ్ఞాపకానికి ముఖం ఉండదనీ, ఆడవాళ్ళ శ్రమకు ముఖం లేకుండా చేసింది లోకమేననీ, ఇంకా చాలా అన్నాను. బాగా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. పాప మొదటి వరుసలో కూచుని పుస్తకం తిరగేస్తోంది. మొదట మెల్లగా, తర్వాత తొందరగా, ఆఖర్న వెనక నుంచి ముందుకు. చప్పట్లప్పుడు కూడా తలెత్తలేదు. బావ అదే రోజు ఆఫీసు పని ఉండి రాలేకపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరమే. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దాటాం. పుస్తకం పాప ఒళ్ళో తెరిచే ఉంది, డ్రైవరుతో అక్క గొడవ పడే పేజీ.

"గిందులో అమ్మకు కోపమొచ్చింది కద," అంది.

అవునన్నాను.

"ఎట్లుందో కనిపిస్తలేదు."

నేను మళ్ళీ జ్ఞాపకమూ శ్రమా అని మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపేసింది.

"గది వాళ్ళకు చెప్పినవ్. నాకు చెప్పు. అమ్మ ముఖం నీకు యాదికున్నదా, లేదా?"

ఆటో ట్రాఫిక్‌లో ఆగింది. అబద్ధం చెప్పొచ్చు. దానికి పదిహేనేళ్ళు, నమ్ముతుంది కూడా. ఎందుకో చెప్పాలనిపించలేదు. లేదన్నాను. చేయి తిరగక కాదు, నిజంగానే గుర్తు లేదని చెప్పాను. ఎప్పుడు పోయిందో కూడా తెలియదన్నాను.

అది రోడ్డు వైపు తిరిగింది.

"నాకు ముందుగాల్నే లేదు. ఇన్ని రోజులు నీకన్న ఉన్నదనుకున్న," అంది.

దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, ఇంక నా వైపు తిరగలేదు. అది అచ్చం అమ్మేనని చుట్టాలంతా అంటారు. యూసుఫ్‌గూడ దాటి మా సందు వచ్చేదాకా దాని ముఖమే చూస్తూ కూచున్నాను. కోపమొచ్చినప్పుడు అక్క ఇట్లాగే ఉండేదేమోనని కళ్ళు, ముక్కు, పెదాలు ఒక్కొక్కటే చూశాను. ఉండేదో లేదో నాకు తెలియలేదు. ఫోటోలోని ఆ ఒక్క నవ్వు తప్ప పోల్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, పాపేమో నవ్వడం లేదు.