ఒడిలో రాళ్ళు

ఆ రోజు నేను రాసిన వాక్యంలో అబద్ధం లేదు. ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నది ఆ ఒక్క మాటతోనే. ఇక ఆ ఓపిక లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో నేను నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు టవరుకి ఫెసిలిటీ మేనేజర్ని. లిఫ్టులు, నీళ్ళు, ఏసీలు, గేటు పాసులు చూసుకునేవాణ్ణి. అంతస్తులు తుడిచే ఆడవాళ్ళు ఒక ఏజెన్సీ తరఫున వచ్చేవారు. పన్నెండో అంతస్తులో మరుగుదొడ్డి కడిగిన మనిషి, తనకు అవసరమైతే సెల్లారుకి దిగి వెళ్ళాలి. తాను కడిగినదాన్ని తాను వాడకూడదు. కూర్చోవడానికి కుర్చీ ఉండదు. మెట్ల మీద కూర్చుంటే సూపర్‌వైజరు వచ్చి లేపేవాడు. ఈ నియమాలు నేను పెట్టినవి కావు. నోటీసు కింద సంతకం మాత్రం నాది.

ఖాజాగూడలో రేకుల షెడ్డులో ఒక చిన్న బౌద్ధ విహారం ఉంది. అక్కడి భంతే, వయసు మళ్ళిన భిక్షువు, ఈ ఆడవాళ్ళ కోసం బుద్ధపూర్ణిమ నాడు నడక పెట్టారు. ఖాజాగూడ చెరువు నుంచి మా గేటు దాకా, ఎండ ముదరకముందే, ఒకరి వెనక ఒకరు, ఉత్తకాళ్ళతో, మౌనంగా నడవాలి. ఆ నడకకు ఒక పద్ధతి ఉంది. కాలికి గుచ్చుకునేది ఏది కనబడినా ముందున్నవాళ్ళు వంగి తీయాలి, వెనక వచ్చేవాళ్ళ కోసం. మా రోడ్ల సంగతి తెలిసిందే. ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉంటారు, అడుగడుగునా కంకర.

సీసీ కెమెరా తెర మీద నేను వాళ్ళను చూశాను. ముప్ఫై నలభై మంది ఉంటారు. వంగుతున్నారు, లేస్తున్నారు, రెండడుగులు వేసి మళ్ళీ వంగుతున్నారు. చూస్తుంటే నాకే నడుము లాగింది.

అందరికంటే ముందున్న ఆవిడ మా టవర్లోనే పనిచేసేది, ఏడో అంతస్తులో. కొంగు ముందుకు లాగి ఒడి కట్టుకుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒడి బరువుగా కిందికి వేలాడుతోంది. నేను కిందికి దిగాను.

"ఏందక్కా, ఒడిల శనగలా? మాకు గిన్ని పెట్టరాదు," అన్నాడు గేటు గార్డు.

"తిను, పండ్లూడుతయ్," అని నావైపు తిరిగింది. "లొల్లి జెయ్యనీకి రాలే సార్. మా బాధ గీ కాయితంల రాసినం, తీస్కోండ్రి. ఎన్క ముసలామె వస్తున్నది. ఆమెకు షుగరు, కాలికి దెబ్బ తగిల్తె మానది. అందుకే ఏర్కుంట వచ్చిన."

కాగితం తీసుకున్నాను. ఆవిడ ఒడిలోవన్నీ గోడ వారగా చప్పుడు కాకుండా పోసింది. అందరూ చేతులు జోడించి వెనక్కి వెళ్ళిపోయారు.

అరగంటలో మా పైఅధికారి ఫోన్ చేశారు.

"గేటు దగ్గర వాళ్ళ చేతుల్లో ఏమున్నాయండీ?"

"రాళ్ళండి. కానీ అవి..."

"ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయండి."

"అదే రాయండి. మిగతాది మిమ్మల్ని ఎవరడిగారు?"

ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాను. పాల్గొన్నవారు రాళ్ళు ఏరి గేటు వద్ద పోగు చేశారని దాని అర్థం. రాళ్ళు పోయకముందే గార్డు చేత తీయించిన ఫోటో, ఆవిడ ఒడి పట్టుకుని నిలబడినది, జతచేశాను. ఎందుకు ఏరారో రాయలేదు. వాళ్ళిచ్చిన కాగితం నా సొరుగులోనే ఉండిపోయింది.

మరునాడు ఆవిడ పాసు ఆగిపోయింది. చుట్టుపక్కల టవర్లన్నిటికీ మనుషుల్ని పంపేది ఆ ఏజెన్సీయే. నేను రాసింది వాళ్ళ ఫైల్లోనే చేరింది. ఎక్కడ పని అడిగినా అందులోంచి ఆ ఫోటో బయటికి వచ్చేది. నెల తరువాత షేర్ ఆటోల దగ్గర నన్ను ఆపింది.

"సార్, మీరు చూసిన్రు గదా. చూసింది రాసియ్యండ్రి, సాలు."

"చూద్దాం అమ్మా," అన్నాను.

ఆ మాటకు అర్థం ఏమిటో తెలియని వాళ్ళు లేరు. కళ్ళారా చూసినవాణ్ణి, చూద్దాం అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఐదేళ్ళు గడిచాయి. ఆ ఉద్యోగం ఇప్పుడు నాకూ లేదు. ఈ మధ్య బుద్ధపూర్ణిమ నాడు చందానగర్ నుంచి ఏదో పని మీద వెళుతుంటే ఖాజాగూడలో ఆటో ఆగింది. అదే నడక. వరుస చిన్నదైంది. ఆవిడ ఇప్పుడూ అందరికంటే ముందుంది, వంగి ఏదో తీస్తోంది. నేను ఆటో దిగలేకపోయాను. ఇంటికి వెళ్ళి, చూసిందంతా ఉత్తరంగా రాసి ఏజెన్సీ ఆఫీసులో ఇచ్చాను.

"పాతది తియ్యరాదు సార్," అన్నాడు గుమాస్తా. "కావాలంటే దాని కింద గిది పెడ్తం."

"ఆమెకు పాసు ఇస్తారా?"

"గా ముచ్చట నాకు తెల్వదు. ఫోటో అయితే పైనే ఉంటది."

విహారంలో అడిగి ఆవిడ ఉన్న చోటు తెలుసుకున్నాను. ఖాజాగూడలోనే ఒక హాస్టల్ వెనక, పీట మీద కూర్చుని గిన్నెలు తోముతోంది.

"కుర్చీ అడిగితిమి, పీట దొరికింది," అంది నన్ను గుర్తుపట్టి. గుమాస్తా అన్న మాటలు చెప్పాను. ఆశ్చర్యపోలేదు. "ఏం రాసిన్రో సదువుండ్రి."

నకలు తీసి చదివాను. తోముతూనే వింది. గిన్నె బోర్లించి అంది, "ఒక్కటి ఇడిసిపెట్టిన్రు. రాళ్ళే గాదు, గాజు పెంకులు గూడ ఉండె. నా ఏలు తెగింది. మీరే జేబులకెళ్ళి రుమాలు తీసిచ్చిన్రు. యాది లేదా?"

నిజంగానే లేదు.

"ఆ ఫోటోల చూడుండ్రి. ఏలికి తెల్లగ గనబడేది గదే."

ఆ ఫోటోను ఐదేళ్ళ కిందట నేనే ఎంచి పంపాను. ఒడిని చూశాను, వేలిని చూడలేదు. ఉత్తరం మళ్ళీ రాశాను. గాజు పెంకులు కూడా ఉన్నాయి. రుమాలు నాది. రేపు వెళ్ళి ఆ గుమాస్తాకు ఇచ్చి వస్తాను. దీన్ని కూడా కిందే పెడతాడు.