ఆరని పచ్చలైటు

పదేళ్ల క్రితం ఆమదాలవలస దగ్గర ఒక రైసుమిల్లు బాయిలరుకు నేను కంప్యూటర్ ప్రోగ్రాం చేశాను. తెరమీద పెట్టెలను గీతలతో కలపడమే పని. నీరుంటే పచ్చలైటు వెలగాలి, లేకపోతే ఆరాలి. ఒక మధ్యాహ్నం నీరు అయిపోయి బాయిలరు మాడిపోయింది.

“ఒరే నాయుడా, లైటు సూడకుండా తొంగున్నావేటి?” అని ఓనరు ఆపరేటర్ అప్పలనాయుడిపై విరుచుకుపడ్డాడు.

“నిద్దరోనేదు బావూ, లైటు పచ్చగానే ఉన్నాది!” అన్నాడతను.

ప్రోగ్రాం తెరిచి చూశాను. ‘నీరుంటే’ పెట్టెలో లైటు వెలిగించాను గానీ ‘లేకపోతే’ పెట్టెను ఖాళీగా వదిలేశాను. వెలిగిన లైటు ఇక ఆరదు. అయినా “ప్రోగ్రాం బాగానే ఉంది” అన్నాను. అతని పని పోయింది. తర్వాత ఏ మిల్లూ రానివ్వలేదు.

నిరుడు అతను చనిపోయాక, అతని భార్యకు నిజం చెప్పాను. “మా మావ నిద్దరోనేదని నాకు తెల్దేటి? ఊరికి సెప్పు” అందామె.

చెబుతున్నాను. వినాల్సిన మనిషి లేడు.