అక్క సాక్ష్యం

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే భాయ్ ఫోనులో ఆ గ్రూపు మొదలుపెట్టినప్పుడు, అందులో ఉన్నదంతా ఆయన దుకాణానికి వచ్చిపోయేవాళ్లమే. ఏదో కొత్త క్రిప్టో కాయిన్ వచ్చిందని, దాని సంగతేమిటో తెలుసుకుందామని చేరాం. రాచర్ల దగ్గర పల్లెలో ఉండే మా అక్క కూడా ఫోను అద్దం మార్పించుకోవడానికి వచ్చి చేరిపోయింది. ఎవరేం అడిగినా భాయ్ తెలిసింది చెప్పేవాడు. తెలియకపోతే, "నాకూ తెలీదమ్మా, కనుక్కుని చెప్తా" అనేవాడు. ఆ మాటకే నాకు ఆయనంటే గురి.

తర్వాత మార్కాపురం వాళ్లు, దొనకొండ వాళ్లు, ఎక్కడివో తెలియని నంబర్లు వచ్చి చేరాయి. ముఖం చూడని కొత్త అడ్మిన్లు దిగారు. తెల్లారితే "గుడ్ మార్నింగ్ ఫ్యామిలీ" అని పువ్వుల బొమ్మలు. "తెలీదు" అనే మాట మళ్లీ వినపడలేదు. నాకు అప్పుడే ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియనివాళ్లకు నేనెప్పుడు ఫ్యామిలీ అయ్యాను?

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం ఎవరైనా లేచి, జ్వరం తగ్గిందనో, బోరులో నీళ్లు పడ్డాయనో సాక్ష్యం చెబితే, మిగతావాళ్లు "స్తోత్రం" అంటారు. ఎదురు ప్రశ్న వెయ్యరు. అక్క లేస్తే పిల్లల గోల కూడా ఆగిపోయేది. ఆమె అబద్ధమాడదని పక్క ఊళ్లకూ తెలుసు.

కాయిన్‌లో పెట్టిన కొద్ది డబ్బు లాభంతో చేతికి రాగానే, అక్క అదే పద్ధతిలో గ్రూపులో వాయిస్ పెట్టింది. "దేవునికి స్తోత్రం. నేను పెట్టింది తిరిగొచ్చినాది. గొర్రెపిల్లను కొన్నా."

దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. చర్చి ఎన్నడూ చూడనివాళ్లు కూడా "స్తోత్రం" అని పెడుతుంటే నాకు భయమేసింది. వారం తిరక్కుండా ఆ వాయిస్ ఊరూరా పాకింది. అది విని మా చర్చి ఆడవాళ్లంతా చేరి డబ్బు పెట్టారు.

భాయ్ ఒక్కటే అడిగాడు, ఈ కాయిన్ నడిపేది ఎవరని. కొత్త అడ్మిన్లు ఆయన్ను ఆయన గ్రూపులోంచే తీసేశారు. "నా దుకాణంలో నుంచి నన్నే బయటికి నెట్టినారమ్మా" అని ఫోను నాకు చూపించాడు.

నేను అక్క దగ్గరికి పరిగెత్తాను. "ఆ వాయిస్ తీసెయ్ అక్కా."

"సాక్ష్యం ఎవురన్నా వెనక్కి తీసుకుంటారా? నాకు వచ్చినాది నిజమే గదా?"

"నీకు వచ్చింది. అందరికీ రావద్దా?"

"నీకు చిన్నప్పట్నుంచీ అన్నీ అనుమానాలే" అంది.

నెల తిరిగేసరికి అందరి డబ్బూ వెనక్కి రావడం ఆగిపోయింది. రాలేదని చెబుదామని అక్క గ్రూపు తెరిచింది. అడ్మిన్లు తప్ప ఎవరూ మాట్లాడే వీలు లేదక్కడ. "చెప్పాల గదే, రాలేదని కూడా చెప్పాల గదా" అంటూ తెరను వేలితో పొడుస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ అందరూ అక్క వైపే చూశారు. ఆమె లేవలేదు.

నేనూ అక్కా గిద్దలూరుకు ఆటోలో వస్తుంటే డ్రైవర్ ఫోనులో అక్క గొంతు మోగింది. గొర్రెపిల్ల మాట వరకూ మొత్తం వినిపించి, "మీరు చేరలేదా అక్కా?" అని నన్నడిగాడు.

"అది మోసం అన్నా" అన్నాను.

అతను నవ్వాడు. "ఆమె గొంతు విన్నారా? అబద్ధమాడే గొంతేనా అది?"

గొంతు గుర్తుపడతాడేమోనని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.