కోసిన స్ప్రింగులు

డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాళ్ళం మేమిద్దరమే, నేనూ ఆయనా. ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారు అనేవాళ్ళు. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే ఇరవై గజాల ముందే బ్రేకు మీద కాలు పెట్టించేవాడు. "కారెక్కినవాళ్ళ నడుములకి మనదే పూచీ" అని ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజే చెప్పేవాడు.

యాభై దగ్గరపడ్డాక ఆయనకి చిన్నప్పటి కోరిక తీరింది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఇరవయ్యేళ్ళ నాటిది, ఎవరో అమ్ముతుంటే కొన్నాడు. ఎరుపు రంగు ఎండకి వెలిసింది గానీ ఇంజను గట్టిది. దానికి పెద్ద సైజు అల్లాయ్ చక్రాలు వేయించాడు. అక్కడే చిక్కొచ్చింది. టైరుకీ పైనున్న రేకుకీ మధ్య పిడికిలి పట్టేంత సందు కొట్టొచ్చినట్టు కనిపించసాగింది.

"కొత్త బూట్ల మీదకి పొట్టి ప్యాంటు తొడుక్కున్నట్టుంది మాస్టారూ" అన్నాను. నవ్వులాటకే అన్నాను. ఆయనకి గుచ్చుకుంది.

కారు కిందికి దిగాలంటే పొట్టి స్ప్రింగులూ, వాటికి తగ్గ షాకబ్జార్బర్లూ వేయాలి. చేతిలో ఉన్నదంతా చక్రాలే మింగేశాయి. చక్రాలు బిగించిన షాపాయన ముందే చెప్పాడు: "కొన్నాళ్ళు ఆగండి సార్. ఉన్న స్ప్రింగుల్ని మాత్రం కోయకండి. కారు దిగుతుంది, నిజమే. కానీ స్ప్రింగు బిరుసెక్కిపోతుంది, ఉండాల్సిన చోట సరిగా కూర్చోదు."

మాస్టారి బావ, అంటే అక్క భర్త, ముప్పయ్యేళ్ళుగా కార్ల కింద పడుకుని పనిచేస్తున్న మెకానిక్కు. అడిగితే ఏమంటాడో తెలుసు. అందుకే అడగలేదు. ఓ సెలవు రోజు స్కూలు వెనక రేకుల షెడ్డులో, అద్దెకి తెచ్చిన పనిముట్లతో స్ప్రింగులు విప్పి, గ్రైండరు పెట్టి ఒక్కోదానికి చుట్టున్నర కోసేశాడు. మర్నాడు నాకు చూపించి, "కంపెనీవి. షాపులో వేయించా" అన్నాడు. చూడ్డానికి మాత్రం, ఒట్టు, పులి పొంచి కూర్చున్నట్టే ఉంది.

ఆ నెలలోనే వాళ్ళక్కకి వెన్నుపూస ఆపరేషనయింది. ఆయన కంటే పదేళ్ళు పెద్ద. ఆయనకి సైకిలు నేర్పింది కూడా ఆవిడేనట. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పారు, కుదుపులు తగలకూడదని. బావ ఎవరిదో పెద్ద కారు మాట్లాడిపెట్టాడు. మాస్టారు ఒప్పుకోలేదు.

"నేనుండగా ఊళ్ళోవాళ్ళ కారెందుకు బావా? నేను తీసుకొస్తా."

బావ కాసేపు ఆలోచించి, "సరేలే. నీకంటే మెత్తగా నడిపేవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు" అన్నాడు.

ఆవిణ్ణి తీసుకొచ్చే రోజు దారిలో జరిగింది నేను కళ్ళారా చూసిందే. ఆ మధ్యాహ్నం కుట్టుపని చేసుకునే ఒకావిడకి నేను పాఠం చెబుతున్నాను. రైలు గేటు దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. ముందు చూద్దును కదా, ఎర్ర కారు స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆన్చుకుని, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి.

"అయ్యో, మన బ్రేకు మాస్టారేనండీ!" అంది కుట్టుపనావిడ.

దిగి పరిగెత్తాను. వాళ్ళక్క కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవి కొరుక్కుని, ముందున్న డాష్‌బోర్డు పట్టుకుని ఉంది. మెడంతా చెమట.

"ఇంకా ఎన్నున్నాయిరా ఇలాంటివి?" అని తమ్ముణ్ణి అడుగుతోంది. కోపంగా కాదు, ఎంత ఓర్చుకోవాలో తేల్చుకోడానికి అన్నట్టు.

"రెండేనక్కా."

ఐదున్నాయి. ఆ దారిలో రోజూ పాఠం చెప్పేవాళ్ళం, మా ఇద్దరికీ తెలుసు.

ఆ లోతు సీట్లోంచి ఆవిణ్ణి లేపడానికి ముగ్గురం పట్టాల్సొచ్చింది. ఎల్ బోర్డు తగిలించిన మా కారులో కూర్చోబెట్టి నేను నడిపాను. కుట్టుపనావిడ వెనక సీట్లోంచి ఆవిడ భుజాలు పట్టుకుంది. మాస్టారు రోడ్డు మధ్య తల కొట్టేసినట్టు నిలబడిపోయాడు.

గుమ్మంలో బావ ఎదురొచ్చాడు. "ఇదేంటి, వాడేడీ?"

"టైరు పంక్చరయింది" అంది ఆవిడ. "పాపం, చాలా మెల్లగా నడిపాడు." అని నాకేసి చూసింది.

బావమరిది ఒక్కడే అవస్థ పడుతుంటాడని బావ పనిముట్ల సంచీతో రైలు గేటు దగ్గరికి వెళ్ళాడు. ఏ టైరూ పంక్చరవలేదు. కిందికి వంగి చూస్తే ఒక స్ప్రింగు చోటు తప్పి పక్కకి ఒరిగి ఉంది. కోసిన అంచు మీద బొటనవేలు రాసి, "ఎవడు చేసిన పనిరా ఇది?" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. "చక్రాలు వేసిన షాపులో" అన్నాడు మాస్టారు. నోరు జారి కాదు, తెలిసే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బావ తిన్నగా ఆ షాపుకి వెళ్ళి, నలుగురి ముందూ ఆయన్ని కడిగేశాడు. "మనుషులెక్కే కారయ్యా అది! మా ఆవిడ నడుము ఏమైపోవాలి?" షాపాయన వద్దనే చెప్పానని ఎంత మొత్తుకున్నా వినలేదు. పేరున్న మెకానిక్కు మాట కదా, అక్కడున్న ఇద్దరు కస్టమర్లు మెల్లగా జారుకున్నారు. బావ ఫోన్ చేసి, "వాడికి గడ్డి పెట్టొచ్చాలే, నువ్వేం బాధపడకు" అన్నాడు మాస్టారితో.

ఆ రోజు మాస్టారు పాఠాలు చెప్పలేదు. ఫారాలు పెట్టుకునే గదిలో కూర్చుని నాకు మొదట్నుంచీ చెప్పాడు, గ్రైండరు అద్దెకి తెచ్చిన దగ్గర్నుంచీ. "ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"చెప్పాల్సింది నాకా మాస్టారూ?"

మర్నాడు తోడు రమ్మంటే వెళ్ళాను. బావ ఓ వ్యాను కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మాస్టారు ఆ కాళ్ళతోనే చెప్పాడు: "బావా, కోసింది నేనే. షాపాయన వద్దన్నాడు."

స్పానర్ చప్పుడు ఆగింది. తర్వాత బావ బయటికి జరిగి, లేచి, గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"మీ అక్కకి తెలుసా?"

"తెలుసనుకుంటా."

"అయితే నేనొక్కణ్ణే వెర్రివాణ్ణన్నమాట." గుడ్డ విసిరేశాడు. "పద. ముందు ఆయన మొహం చూడాలి."

షాపులో మాస్టారు అందరికీ వినపడేలా తన తప్పు చెప్పాడు. బావ కూడా, "నీ మాట వినకుండా నోరు పారేసుకున్నాను, తప్పయింది" అన్నాడు. షాపాయన చక్రం బ్యాలెన్సు చూస్తూ చూస్తూనే విన్నాడు.

"నిన్న వెళ్ళిపోయినవాళ్ళు ఈరోజు లేరు కదండీ" అన్నాడు. అంతకంటే రెండు తిట్టినా బావుణ్ణనిపించింది నాకు.

పాత సామాన్ల కొట్టులో అదే మోడల్ స్ప్రింగులు దొరికితే, బావే తెచ్చి బిగించాడు. మాస్టారు పక్కన నిలబడి అడిగినవల్లా అందించాడు. కారు మళ్ళీ పాత ఎత్తుకి వచ్చింది. మూడు నెలలకి అక్క మామూలుగా నడిచింది. ఆ రోజు ఊసు ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. బావ కూడా దెప్పలేదు. రాకపోకలూ, నవ్వులూ అన్నీ ఉన్నాయి.

కానీ మాస్టారు ఎప్పుడైనా, "టైర్లలో గాలి చూశా బావా, బయల్దేరొచ్చు" అంటే, బావ "సరేలే" అంటాడు. అని, ఓసారి తనే వంగి చూసుకుంటాడు. అప్పుడు మాస్టారు ఎటో చూస్తూ నిలబడతాడు.